ఇంట్లోనే ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి

టెలిఫోన్ ఎక్స్ఛేంజి అనగానే ఊళ్ళో ఒక పెద్ద భవనం, లోపల చల్లటి గది, గోడల పొడవునా వరసలు తీరిన యంత్రాలు గుర్తుకొస్తాయి. ఫోన్ కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పెద్దవాళ్ళు ఈ ప్రసంగం వింటూనే ఉంటారు. ఆ ఎక్స్ఛేంజి చేసే పని మొత్తాన్నీ ఇవాళ మన ఇంట్లో, టీవీ పక్కన పట్టేంత చిన్న పెట్టె చేసిపెడుతుంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. నెలనెలా బిల్లు ఉండదు. అది ఎందుకు, ఎలా, ఎంతవరకు అన్న మూడు సంగతులూ ఈ పూట చెబుతాను. ముందుగా ఒక్క మాట. ఇంటి గోడల లోపల ఈ ఎక్స్ఛేంజికి మీరే యజమాని. గోడ దాటి బయటి ఫోన్ నెట్‌వర్క్‌ని ముట్టుకుంటే మాత్రం అక్కడ చట్టం ఉంది. ఈ హద్దు తెలిస్తే మిగతాదంతా ఓపికతో అయ్యే పనే.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్‌కి మొబైల్ నంబరు కావాలి, తాకుతెర కావాలి, ఇంటర్నెట్ కావాలి. కింది వాటాలో ఉన్న నానమ్మ మేడమీది కోడలిని పిలవడానికి ఈ మూడూ ఎందుకు? చూపు ఆనని వాళ్ళకి, వేలు వణికే వాళ్ళకి, రిసీవరు ఎత్తితే అవతల గంట మోగే ఫోన్‌కి మించింది లేదు. ఇంకో సంగతి. ఇంటి ఎక్స్ఛేంజి ఇంటి వైఫై మీద నడుస్తుంది కాబట్టి, బయట ఎక్కడో కేబుల్ తెగి ఇంటర్నెట్ పోయినా ఇంట్లో ఫోన్లు మాట్లాడుతూనే ఉంటాయి. ఇక, కంపెనీల సేవ కంపెనీ ఇష్టం ఉన్నంతకాలమే. 2003లో మొదలై ప్రపంచమంతా వాడిన స్కైప్‌ని 2025 మే 5న మూసేశారు. మన పెట్టెలో ఉన్న ఎక్స్ఛేంజిని అలా ఎవరూ మూయలేరు.

ఈ సదుపాయం మన దాకా ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1984లో శామ్ పిట్రోడా చొరవతో సీ-డాట్ అనే సంస్థ ఏర్పడింది. మన ఎండకీ దుమ్ముకీ తట్టుకుని, ఏసీ గది లేకుండానే పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజిని అక్కడి ఇంజనీర్లు తయారుచేశారు. దాని సామర్థ్యం 128 లైన్లు. పల్లెల్లో ఎస్టీడీ బూత్‌లు వెలియడం వెనక ఆ యంత్రం పాత్ర చాలా ఉంది. అప్పటికి అది గొప్ప ఇంజనీరింగ్. కానీ ఎక్స్ఛేంజి అంటే ఇంకా యంత్రమే.

అది సాఫ్ట్‌వేర్‌గా మారిన కథ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జరిగింది. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళకి సాయం చేసే చిన్న కంపెనీ పెట్టాడు. వచ్చే ఫోన్లు అందుకోవడానికి ఆఫీసు ఎక్స్ఛేంజి కావలసి వచ్చింది. ధర చూస్తే కొనే స్తోమత లేదు. కొనలేక తనే ఒకటి రాసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్. రాసుకున్నది దాచుకోకుండా సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఇచ్చేశాడు. 2004లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఈనాడు కాల్ సెంటర్లలో, ఆసుపత్రుల్లో, హోటళ్ళలో నడిచే ఎన్నో ఎక్స్ఛేంజిలకి మూలం అదే. మనం ఇంట్లో పెట్టుకోబోయేదీ అదే.

ఆస్టరిస్క్ వాడేది ఇంటర్నెట్ ఫోన్ పద్ధతి, అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, అవతలివాళ్ళు ఎత్తారా, ఎప్పుడు పెట్టేశారు అన్నది మొదటి పని. ఆ సంగతి చూసే పద్ధతి పేరు సిప్. 1999లో మొదటిసారి ప్రామాణికం చేశారు, 2002లో ఇప్పుడు వాడుతున్న రూపం ఇచ్చారు. మాటని మోసుకుపోవడం రెండో పని. అది చేసే పద్ధతి ఆర్టీపీ. సిప్‌ని మన పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోండి. రెండు వైపుల వాళ్ళనీ కలుపుతాడు, ఏ భాషలో మాట్లాడుకోవాలో కుదురుస్తాడు, ఆ తర్వాత సంసారం వాళ్ళది. చాలామందిని తికమకపెట్టే చిక్కు ఇక్కడే ఉంది. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, కానీ మాట వినిపించదు. అంటే సిప్ తన పని చేసింది, ఆర్టీపీకి దారి దొరకలేదు. గంట మోగకపోతే ఒకచోట వెతకాలి, మాట రాకపోతే మరోచోట వెతకాలి. ఇది తెలిస్తే మరమ్మతులో సగం శ్రమ తప్పుతుంది.

మాటని ఎలా మోస్తారో ఒక లెక్క చెబుతాను. మైకులో పడ్డ ధ్వనిని సెకనుకి 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకి 8 బిట్లు. అంటే సెకనుకి 64 వేల బిట్లు. 1972లో స్థిరపడిన జీ 711 అనే పద్ధతి ఇది, మన లాండ్‌లైన్ ఎక్స్ఛేంజిలు వాడిందీ ఇదే. ఈ బిట్లని 20 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున, సెకనుకి 50 ప్యాకెట్లుగా పంపుతారు. ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్లు మాట, 40 బైట్లు చిరునామా వగైరా. అన్నీ కలిపితే ఒక్కో వైపు సెకనుకి 80 కిలోబిట్లు. పదిమంది ఒకేసారి మాట్లాడుకున్నా ఒక్క మెగాబిట్ నిండదు. కాబట్టి వేగం గురించి బెంగ అక్కర్లేదు. చూసుకోవలసింది ఆలస్యం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతోంది. ఇంటి వైఫైలో అంత ఆలస్యం మామూలుగా రాదు.

ఇప్పుడు సామాన్లు. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

మొదటిది, ఎక్స్ఛేంజి నడిపే కంప్యూటరు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు ఉంది. 2012లో మొదట వచ్చింది, అరచేతిలో ఇమిడిపోతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. అది లేకపోతే మూల పడేసిన పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. దానికి బ్యాటరీ కూడా ఉంటుంది కాబట్టి అదీ ఒక లాభమే. బోర్డు కొంటే మంచి మెమరీ కార్డు కొనండి. కరెంటు ఠక్కున పోయినప్పుడు మొదట పాడయ్యేది ఆ కార్డే. అందుకే రౌటరుకీ బోర్డుకీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిది.

రెండోది, ఫోన్లు. ఇందులో మూడు రకాలు. స్మార్ట్‌ఫోన్‌లో లిన్‌ఫోన్, జోయిపర్ లాంటి యాప్ వేసుకుంటే అదే ఇంటి ఫోన్ అయిపోతుంది. ఖర్చు లేదు. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో వేరే యాప్ లేకుండానే ఈ సౌకర్యం ఉండేది, ఆండ్రాయిడ్ 12 నుంచి తీసేశారు. యాప్‌తో ఒక ఇబ్బంది ఉంది. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోన్ దాన్ని నిద్రపుచ్చుతుంది, అప్పుడు గంట మోగదు. సెట్టింగులలోకి వెళ్ళి ఆ యాప్‌కి పొదుపు వర్తించకుండా చేయాలి. రెండో రకం, ఆఫీసుల్లో కనిపించే ఐపీ ఫోన్. నెట్‌వర్క్ తీగ నేరుగా దానికే తగిలిస్తారు. మూడో రకమే నాకిష్టమైంది. అటక మీద పడున్న పాత లాండ్‌లైన్ ఫోన్. దానికీ ఇంటి నెట్‌వర్క్‌కీ మధ్య ఏటీఏ అనే చిన్న అడాప్టరు కావాలి.

ఏటీఏ కొనేటప్పుడు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. దాని మీద రెండు రకాల రంధ్రాలు ఉండొచ్చు. ఎఫ్ఎక్స్ఎస్ అన్నది ఫోన్‌ని తగిలించడానికి. ఎఫ్ఎక్స్ఓ అన్నది బయటి టెలిఫోన్ లైనుని తగిలించడానికి. మనకి కావలసింది ఎఫ్ఎక్స్ఎస్ ఒక్కటే. అందులో పొరపాటున కూడా గోడలోంచి వచ్చే టెలిఫోన్ లైను పెట్టకండి, అడాప్టరు కాలిపోవచ్చు. కొందరికి ఇంకో అనుమానం వస్తుంది. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బా వెనక ఫోన్ రంధ్రం ఉంది కదా అని. నిజమే, ఆ డబ్బాలో ఒక ఏటీఏ దాగి ఉంది. ఫైబర్ మీద వచ్చే లాండ్‌లైన్ కూడా ఇంటర్నెట్ ఫోనే. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి ఇవ్వగలిగిందంటే, ఒకే తీగలో ఈ మూడూ ప్యాకెట్లుగా పోవడం వల్లే. కానీ ఆ రంధ్రం మామూలుగా కంపెనీ చేతిలో ఉంటుంది. మన ఎక్స్ఛేంజికి వేరే ఏటీఏ తెచ్చుకోవాలి.

ఇక అమరిక. కంప్యూటరులో ముందు లినక్స్ వేయాలి, దానిమీద ఆస్టరిస్క్. ఫైళ్ళలో సెట్టింగులు రాయడం అలవాటు లేనివాళ్ళకి ఫ్రీపీబీఎక్స్ అనే తోడు సాఫ్ట్‌వేర్ ఉంది. బ్రౌజరులో ఫారం నింపినట్టు నింపుకుంటూ పోవచ్చు. పాత కంప్యూటరు అయితే దీన్నే వాడమంటాను. చిన్న బోర్డు అయితే ఆస్టరిస్క్‌ని నేరుగా వేసుకుని రెండు ఫైళ్ళు రాసుకుంటే చాలు. ఏయే ఫోన్లున్నాయి, వాటి పాస్‌వర్డులేమిటి అన్నది పీజేసిప్ అనే ఫైలులో. ఏ నంబరు నొక్కితే ఏం జరగాలి అన్నది ఎక్స్‌టెన్షన్స్ అనే ఫైలులో. పాత పుస్తకాల్లో చాన్‌సిప్ అనే పద్ధతి కనిపిస్తుంది. ఆస్టరిస్క్ 21 నుంచి దాన్ని పూర్తిగా తొలగించారు, కాబట్టి దాని జోలికి పోకండి. మొదలుపెట్టే ముందే రౌటరులో ఈ కంప్యూటరుకి శాశ్వతంగా ఒకే ఐపీ అడ్రసు ఉండేలా చేయండి. ఎక్స్ఛేంజి అడ్రసు రోజుకోటి మారితే ఫోన్లు దాన్ని కనిపెట్టలేవు.

నంబర్లు ఎలా ఇవ్వాలి? చాలామంది 100, 101 అంటూ మొదలుపెడతారు. మన దేశంలో అది మంచిది కాదు. 100 పోలీసు, 101 అగ్నిమాపకం, 108 అంబులెన్సు, 112 అన్నిటికీ కలిపి. కంగారులో ఎవరో 108 నొక్కితే వంటింట్లో ఫోన్ మోగకూడదు కదా. అందుకని 2తో మొదలుపెట్టండి. హాలు 201, వంటిల్లు 202, మేడమీద 203, గేటు దగ్గర 204. మన ఎక్స్ఛేంజికి బయటి నెట్‌వర్క్‌తో సంబంధం ఉండదు కాబట్టి దీన్నుంచి అత్యవసర నంబర్లకి ఫోన్ వెళ్ళదు. ఆ సంగతి ఇంట్లో పిల్లలకీ పెద్దలకీ చెప్పి ఉంచండి. వాటికి మొబైలే వాడాలి.

నంబర్లు ఇచ్చాక మొదట చేయవలసిన పరీక్ష మీ మాట మీకే వినిపించే ఎకో టెస్టు. ఫ్రీపీబీఎక్స్‌లో స్టార్ 43 నొక్కితే మీరన్నది మీకు తిరిగి వినిపిస్తుంది. స్పష్టంగా, వెంటనే వినిపిస్తే రెండు దారులూ తెరుచుకున్నట్టే. ఆ తర్వాతే ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి ప్రయత్నించండి.

పాత ఫోన్ పెట్టేవాళ్ళకి ఒక ముచ్చట. చాలా అడాప్టర్లు అమెరికా పద్ధతిలో అమర్చి వస్తాయి. అక్కడ గంట రెండు సెకన్లు మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. మన చెవికి అలవాటైంది అది కాదు. మనది 0.4 సెకను మోగి, 0.2 సెకను ఆగి, మళ్ళీ 0.4 సెకను మోగి, రెండు సెకన్లు ఆగుతుంది. ట్రింగ్ ట్రింగ్, కాసేపు విరామం, మళ్ళీ ట్రింగ్ ట్రింగ్. ఈ నాలుగు అంకెలూ అడాప్టరు సెట్టింగులలో రాస్తే ఇల్లంతా చిన్నప్పటి గంట మోగుతుంది. అలాగే కోడెక్, అంటే మాటని అంకెలుగా మార్చే పద్ధతి దగ్గర, అమెరికా వాడే మ్యూ-లా కాకుండా మన దేశం వాడే ఏ-లా ఎంచుకోండి. వేలు పెట్టి తిప్పే డయల్ ఫోన్ అయితే పల్స్ డయలింగ్ అర్థమయ్యే అడాప్టరే తీసుకోవాలి, అన్నిటికీ అది అర్థం కాదు.

ఇప్పుడు అసలు ప్రయోజనాలు. నానమ్మ మంచం పక్కన ఫోన్‌కి ఆటో డయల్ పెట్టండి. ఆమె ఏ నంబరూ నొక్కనక్కర్లేదు. రిసీవరు ఎత్తగానే ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి, ఎవరు ముందు ఎత్తితే వాళ్ళతో మాట్లాడుతుంది. రాత్రిపూట బాత్రూమ్‌కి లేవాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా గొంతు చించుకుని అరవాల్సిన పని లేదు. ముసలివాళ్ళున్న ఇంటికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఇదంతా చేయొచ్చు. రెండోది వేళల నియమం. మధ్యాహ్నం తాతయ్య కునుకు తీసే రెండు గంటలూ ఆ గదిలో గంట మోగకుండా, ఆ పిలుపు హాల్లోకి మళ్ళేలా చెప్పి ఉంచొచ్చు. మూడోది వాయిస్ మెయిల్. ఎత్తకపోతే మాట రికార్డవుతుంది. చదవడం రానివాళ్ళు కూడా వదలగలిగిన ఉత్తరం అది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల్ని ఈ ఎక్స్ఛేంజిలో కలుపుకోవచ్చా? కలుపుకోవచ్చు. డల్లాస్‌లో ఉన్న మనవడి మొబైల్లో యాప్ వేసి దానికి 205 ఇస్తే, ఇక్కడ అమ్మమ్మ పాత ఫోన్‌లో 205 నొక్కగానే అక్కడ మోగుతుంది. కాకపోతే దారి జాగ్రత్తగా వేయాలి. రౌటరులో 5060 అనే పోర్టు తెరిచేసి కూర్చుంటే సులువే అనిపిస్తుంది. అది మాత్రం చేయకండి. ఆ పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్‌ని రాత్రింబగళ్ళు గాలించే ప్రోగ్రాములున్నాయి. తలుపు తెరిచిన కాసేపటికే పాస్‌వర్డు ఊహించే ప్రయత్నాలు మొదలవుతాయి. 201 నంబరుకి 201 అనే పాస్‌వర్డు పెట్టినవాళ్ళు ముందు దొరికిపోతారు. అందుకని వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వాడండి. మనవడి ఫోన్ ముందు వీపీఎన్ ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి వస్తుంది, ఆ తర్వాతే ఎక్స్ఛేంజిని కలుస్తుంది. గంట మోగి మాట రాని చిక్కు కూడా దీనితో చాలావరకు తీరిపోతుంది.

ఇక్కడ మన దేశంలో మామూలుగా ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు, ఎన్నో ఇళ్ళు ఒకే అడ్రసు పంచుకుంటాయి. మీ రౌటరులో బయటివైపు అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీదీ అలాంటిదే. అప్పుడు బయటి నుంచి లోపలికి నేరుగా రావడం కుదరదు. ఐపీవీ6 ఉంటే అది వాడొచ్చు, లేదా కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవచ్చు, లేదా టెయిల్‌స్కేల్ లాంటి సేవతో రెండు చివరలూ కలుపుకోవచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఆగి ఆలోచించాలి. యూఏఈలో అనుమతి పొందిన ఇంటర్నెట్ కాలింగ్ సేవలు తప్ప వేరేవి కుదరవు. అక్కడున్న మీవాళ్ళ చేత ఇలాంటి ప్రయోగం చేయించి ఇబ్బందిలో పెట్టకండి.

చివరిగా చట్టం. 2002 ఏప్రిల్ 1 దాకా మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతే లేదు. ఆ రోజు నుంచి పరిమితంగా ఇచ్చారు. లైసెన్సు ఉన్న కంపెనీలు ఇంటర్నెట్ ఫోన్‌ని మామూలు నంబర్లతో కలిపి ఇవ్వడానికి 2018లో దారి ఏర్పడింది. ఈ చరిత్రలో మనకి కావలసిన నీతి ఒక్కటే. ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడం వేరు, ఆ మాటని దేశంలోని ఫోన్ నెట్‌వర్క్‌లోకి వదలడం వేరు. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ని ఇంట్లో లాండ్‌లైనులోకో సిమ్ కార్డులోకో మళ్ళించి లోకల్ కాల్‌గా పంపడం నేరం. సిమ్ బాక్సుల కేసులని పత్రికల్లో చదువుతుంటామే, అవి ఇవే. అనుమతి లేకుండా టెలికం సేవ నడిపితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా పడొచ్చు. ఎవరైనా వచ్చి మీ ఇంట్లో మా పెట్టె పెట్టుకోండి, కరెంటూ నెట్టూ మీది, నెలకింత ఇస్తాం అంటే వెంటనే కాదనండి. బయటి లైను కలపకపోవడంలో ఇంకో లాభమూ ఉంది. దొంగ ఎవడైనా లోపల దూరినా మీ ఖాతాలో విదేశీ కాల్స్ చేయలేడు, బిల్లు రాదు.

ఇదంతా ఒక్క రోజులో అయిపోవాలనేం లేదు. వచ్చే ఆదివారం ఇంట్లో మూల పడున్న కంప్యూటరు దుమ్ము దులపండి. రెండు మొబైళ్ళలో యాప్ వేసి, 201 నుంచి 202కి ఒక కాల్ కలపండి. పక్కన బడికెళ్ళే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ధ్వని అంకెలుగా ఎలా మారుతుందో, అడ్రసు అంటే ఏమిటో పుస్తకంలో కంటే ఇక్కడ బాగా అర్థమవుతుంది. అది కుదిరాకే అడాప్టరుకి డబ్బు పెట్టండి, పాత ఫోన్ తగిలించండి. పాస్‌వర్డులు పొడుగ్గా పెట్టండి, బయటి పోర్టులు మూసి ఉంచండి, బయటి లైను మాత్రం కలపకండి. మొదటి కనెక్షన్ ఇంట్లో పెద్దవాళ్ళ మంచం పక్కనే ఇవ్వండి.